మందారానికి కత్తెర

మందారం మొండి మొక్కనీ, ఎక్కడ గుచ్చినా బతుకుతుందనీ అందరూ అంటారు. ఆ మాటలో సగమే నిజం అమ్మడూ. బతకడం వేరు, పూయడం వేరు. నువ్వు ఫోన్లో పంపిన ఫొటో చూశాను. మీ కూకట్‌పల్లి ఫ్లాటు బాల్కనీలో నీ మందారం ఎదిగి ఎదిగి నీ భుజం దాకా వచ్చింది. కిందంతా బోసి కొమ్మ, పైన గుప్పెడు ఆకులు, వాటి మధ్య రెండు మొగ్గలు. "తాతయ్యా, ఈ రెండూ కూడా విచ్చకుండానే రాలిపోతాయి చూడు" అని రాశావు. ఎందుకు రాలతాయో, అది నిలువునా ఎందుకు పెరిగిందో, పూలెందుకు లేవో చెప్తాను. మధ్యలో పక్కదారి పడితే ఏమనుకోకు, నా సంగతి నీకు తెలుసుగా.

ముందు ఒక పువ్వు తెచ్చుకో. నీ మొక్కకి లేకపోతే మీ అపార్ట్‌మెంట్ గేటు పక్కన ఎర్ర రేకమందారం ఉండే ఉంటుంది, వాచ్‌మన్‌ని అడిగి కోసుకో. అయిదు రెక్కలు. ఒక్కో రెక్క అంచు ఒకవైపు పక్కదాని మీదికీ, రెండోవైపు ఇంకోదాని కిందికీ వెళ్తుంది. మొగ్గగా ఉన్నప్పుడు మెలితిప్పి చుట్టుకున్నవే ఇవి. మధ్యలోంచి పొడుగ్గా బయటికొచ్చిన కాడ ఉంది చూశావా, అది ఒక్క కాడ కాదు, గొట్టం. కేసరాలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ఆ గొట్టం తయారైంది. పైసగంలో పచ్చటి చుక్కలన్నీ పుప్పొడి తిత్తులు. ఇప్పుడు బ్లేడుతో ఆ గొట్టాన్ని నిలువునా చీల్చు, మెల్లగా. లోపలినుంచి సన్నటి తెల్లటి దారం ఒకటి ఊడి వస్తుంది. దాని కొసనే అయిదుగా చీలి, ఎర్రటి ముఖమల్ బుడిపెలు. అవి ఆడభాగం. పుప్పొడి వాటి మీద పడాలి. ఆ పుప్పొడిని నల్ల కాయితం మీద దులిపి భూతద్దం పెట్టి చూడు. చాలా పూల పుప్పొడి పొడిగానే కనిపిస్తుంది గానీ మందారం పుప్పొడి గింజ మిల్లీమీటరులో పదోవంతుకి పైమాటే, ఒక్కొక్కటీ విడిగా గుండ్రంగా కనిపిస్తుంది. మైక్రోస్కోపు దొరికితే ఒళ్ళంతా ముళ్ళు కూడా కనిపిస్తాయి.

ఈ గొట్టం గుర్తు పెట్టుకుంటే మందారం చుట్టాలందర్నీ నువ్వే పట్టేయొచ్చు. బెండ పువ్వులో అదే గొట్టం, పత్తి పువ్వులో అదే. గోంగూర అయితే మరీ దగ్గర, మందారంతో పాటు హైబిస్కస్ అనే ఒకే ప్రజాతిలో ఉంది. మడిలో గోంగూరని కోయకుండా వదిలేస్తే లేతపసుపు రంగులో, నడిమధ్య ముదురెరుపు మచ్చతో పూస్తుంది. అది చూసి మందారమేమో అనుకుంటే తప్పేం లేదు. బెండకాయ జిగురు, మందారాకు జిగురు కూడా ఒక జాతివే, పొడవైన చక్కెర గొలుసులు నీళ్ళు పీల్చి ఉబ్బడం వల్ల వచ్చేవి. మీ బామ్మ మందారాకు నూరి తలకి రుద్దుకునేది ఆ జారుడుకోసమే. చిక్కు తేలిగ్గా వస్తుంది, అంతవరకు నిజం. జుట్టు ఒత్తుగా మొలుస్తుందంటావా, సీసాల మీద రాసుకునేవాళ్ళు రాసుకుంటారు. గట్టి రుజువు నాకు కనపడలేదు.

అసలు సంగతికి వద్దాం. మందారం పువ్వు ఆయుష్షు ఒక్కరోజు. కొన్ని హైబ్రిడ్ రకాలు రెండో రోజు కూడా ఉంటాయి గానీ మామూలు ఎర్రమందారం పొద్దున విచ్చి, సాయంత్రానికి ముడుచుకుని, మర్నాడు రాలుతుంది. కోసినా, చెట్టున ఉంచినా, నీళ్ళలో పెట్టినా పెట్టకపోయినా అంతే. అందుకే దేవుడి పటం మీద పెట్టిన మందారం నీళ్ళు లేకుండానే సాయంత్రం దాకా నిలుస్తుంది. ముందురోజు సాయంత్రం బాగా ముదిరిన మొగ్గ కోసి పళ్ళెంలో ఉంచితే తెల్లారేసరికి అదీ విచ్చుకుంటుంది. పొద్దున్నే పూజకి తొందరపడే ఇళ్ళలో ఈ కిటుకు అందరికీ తెలుసు.

ఒక్కరోజు పువ్వు కాబట్టి, రోజూ పూలు కావాలంటే రోజూ కొత్త మొగ్గ ముదరాలి. ఆ మొగ్గ ఎక్కడ పుడుతుంది? పాత కొమ్మ మీద కాదు. కొత్తగా వచ్చిన ఆకు పంగలో పుడుతుంది. కొసన చిగురు సాగుతుంటే, ఆకు వెంట ఆకు, ఆకు వెంట మొగ్గ. అంటే ఎన్ని కొసలుంటే అన్ని పూలు. నీ మొక్కకి ఉన్నది ఒక్క కొస. అది ఎంత ఒద్దికగా పూసినా ఇంట్లో ఒక్క పటానికి సరిపోతుంది.

మరి పక్కకొమ్మలు ఎందుకు రాలేదు? ప్రతి ఆకు పంగలోనూ చిన్న మొగ్గకన్ను ఉంటుంది. కిందున్న బోసికొమ్మ మీద చేత్తో తడుము, ఆకు రాలిన మచ్చల పైన చిన్న చిన్న బొడిపెలు తగులుతాయి. అవన్నీ కొమ్మలు కావలసినవే. ఉమ్మడి ఇంట్లో పెత్తనమంతా తనే చేసి తమ్ముళ్ళని నోరెత్తనివ్వని పెద్దన్న ఉంటాడు చూడు, కొస చిగురు అలాంటిది. అది ఆక్సిన్ అనే రసాయనం తయారుచేసి కిందికి పంపుతుంది. 1930ల్లో థీమన్, స్కూగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక చిక్కుడు జాతి మొక్క మీద పరీక్ష చేసి ఇది చూపించారు. కొస తుంచేస్తే పక్క కళ్ళు మేలుకున్నాయి. తుంచిన చోట ఆక్సిన్ రాస్తే మళ్ళీ పడుకున్నాయి. చాలా ఏళ్ళు కథ అక్కడితో అయిపోయిందనే అనుకున్నారు. 2014లో ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు బఠాణీ మొక్క కొస తుంచి మళ్ళీ జాగ్రత్తగా గమనిస్తే, ఆక్సిన్ తగ్గిన కబురు కింది కన్నుకి అందకముందే ఆ కన్ను కదలడం మొదలుపెట్టింది. తీరా చూస్తే చక్కెర. కొస ఉన్నంతకాలం ఆకులు వండిన చక్కెరంతా అదే లాగేసుకుంటుంది. కొస పోగానే ఆ చక్కెర కింది కళ్ళకి పారుతుంది, మేలుకోవడానికి మొదటి తడుపు అదే. ఆక్సిన్ పని ఆ తర్వాత.

కాబట్టి నీ మందారానికి కావలసింది ఎరువు కాదు, కత్తెర. చాలామందికి ఇక్కడే చెయ్యి రాదు. పచ్చటి కొమ్మ, పైగా మొగ్గలున్న కొమ్మ, ఎలా కోస్తాం అని జాలి. ఆ జాలి వల్లే బాల్కనీల నిండా ఎండుకట్టె మందారాలు. ఫిబ్రవరిలో, చలి తగ్గి ఎండ ముదరకముందు, కొమ్మ పొడవులో మూడోవంతు తీసెయ్. కత్తెరకి స్పిరిట్ రాసి తుడువు. బయటివైపు చూసే కన్ను ఒకటి ఎంచుకుని, దానికి పావంగుళం పైన కోత పడాలి. లోపలివైపు చూసే కన్ను మీద కోస్తే కొత్త కొమ్మ లోపలికే పెరిగి, అక్కడ గాలాడక పురుగులకి ఇల్లవుతుంది. నీది ఒక్కటే కొమ్మ గనక వేరే దారి లేదు. నాలుగైదు కొమ్మలున్న మొక్కైతే సగం ఇప్పుడు, సగం నెలన్నర ఆగి కోస్తే పూలు పూర్తిగా ఆగిపోవు. కోశాక రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. మే ఎండల్లో మాత్రం కోయకు. తొలకరి పడ్డాక ఇంకోసారి కొసలు గిల్లు, కత్తెర కూడా అక్కర్లేదు, గోరు చాలు.

ఇంకో మాట. నర్సరీలో కొన్నప్పుడు జానెడు మొక్కకి చెంబంత పూలున్నాయి, ఇంటికొచ్చాక సాగిపోయిందన్నావు. అది నీ పెంపకంలో లోపం కాదు. హైబ్రిడ్ మందారాల్ని పొట్టిగా, గుబురుగా ఉంచడానికి ఎదుగుదలని అణిచే మందులు కొన్నిచోట్ల వాడతారు. ఆ మందు ప్రభావం తీరాక మొక్క తన అసలు పొడుగుకి పోతుంది. మన కడియం, కడియపులంక వైపు తిరిగి చూడు, గోదావరి కాలవ గట్టున పాత ఎర్రమందారాలు ఇంటి చూరు దాటి ఉంటాయి. అసలు ఎత్తు అదీ.

ఇక మొగ్గలు రాలడం. రాలిన మొగ్గని పారెయ్యకుండా చేతిలోకి తీసుకో. కాడ ఎక్కడ తెగిందో చూడు. కాండం దగ్గర కాదు, మొగ్గకి కాస్త కిందగా, కాడ మీద ఒక కణుపు గీత ఉంటుంది, సరిగ్గా అక్కడ. అది మొక్క ముందే గీసి పెట్టుకున్న గీత. ఇబ్బంది వస్తే మొక్క ఆ గీత దగ్గరి కణాల మధ్య అతుకుని కరిగించి, మొగ్గని వదిలించుకుంటుంది. ఏం ఇబ్బంది అంటావా? కుండీ ఒకరోజు ఎండిపోయి మర్నాడు ముంచెత్తడం అన్నిటికంటే ముఖ్యమైనది. శని ఆదివారాలు ఊరెళ్ళి సోమవారం రెండు బకెట్లు గుమ్మరించే వాళ్ళ మొగ్గలన్నీ మంగళవారానికి నేలమీద ఉంటాయి. తర్వాతది చోటు మార్చడం. మొగ్గలున్నప్పుడు కుండీని ఎండలోంచి నీడకి, నీడలోంచి ఎండకి తిప్పకు. లారీలో మూసిన డబ్బాల్లో వచ్చిన మొక్కలు దింపగానే మొగ్గలు రాల్చడానికి ఇంకో కారణం ఎథిలీన్ వాయువు. అరటి గెలని ముగ్గించేది అదే. మందారం మొగ్గకి అది కొద్దిగా తగిలినా చాలు.

ఇవేవీ కాకపోతే, మొగ్గ పసుపుపచ్చగా మారి రాలుతుంటే, దాన్ని తెల్లకాయితం మీద విడదీసి తట్టు. నలుసంత సన్నటి జీవాలు పరిగెడితే తామర పురుగులు. అలాంటి మొగ్గల్ని కుండీలోనే వదిలెయ్యకు, ఏరి సబ్బునీళ్ళలో ముంచి పారబొయ్యి.

ఆకుల సంగతి కూడా అడిగావు. సతతహరితం అంటే ఆకు రాలదని కాదు అమ్మడూ, అన్నీ ఒకేసారి రాలవని. ఒక్కో ఆకుకి దాని వయసు దానిది. కిందివైపు ముదురాకు ఒకటో రెండో పండి రాలితే కంగారుపడకు. కంగారు పడాల్సింది ఏ ఆకులు పసుపెక్కాయో చూశాక. నత్రజని మొక్కలో తిరిగే సరుకు. నేలలో తక్కువైతే మొక్క ముసలి ఆకుల్లోంచి లాగి లేత చిగురుకి ఇచ్చుకుంటుంది, అందుకని కింది ఆకులు ముందు పండుతాయి. ఇనుము అలా కాదు. ఒకసారి ఏ ఆకులో చేరితే దాదాపు అక్కడే ఉండిపోతుంది. అందుకని ఇనుము కరువైతే పాతాకు పచ్చగానే ఉంటుంది, కొత్తాకు మాత్రం ఈనెలు ఆకుపచ్చగా, ఈనెల మధ్య పసుపుగా వస్తుంది. నీ ఫొటోలో చిగురాకులు అలాగే ఉన్నాయి.

మట్టిలో ఇనుము లేక కాదు ఇది. ఎర్రమట్టిలో ఎరుపంతా ఇనుమే కదా! కారణం మీ బోరునీళ్ళు. కుళాయి కింద బకెట్ అంచున తెల్లటి పొక్కు కడుతుంది చూడు, ఆ సున్నమే రోజూ కుండీలో చేరి మట్టిని క్షారంగా మారుస్తుంది. క్షారంలో ఇనుము కరగదు, కరగనిది వేరు తాగలేదు. మందారానికి కాస్త పులుపు నేల ఇష్టం. వర్షపునీళ్ళు పట్టి పొయ్యగలిగితే అంతకంటే మందు లేదు. ఈలోగా లీటరు నీళ్ళలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, అప్పటికప్పుడే సాయంత్రం పూట ఆకుల మీద చల్లు. వారం పదిరోజులు ఆగి ఇంకోసారి. ఎరువుల షాపులో రెండూ దొరుకుతాయి. బట్టల మీద పడితే తుప్పు మరక పోదు, మీ అమ్మ చీరలు ఆరేసిన పూట మాత్రం పెట్టుకోకు.

పూలకోసం డీఏపీ వెయ్యమని పక్కింటివాళ్ళు చెప్పారన్నావు. వద్దు. భాస్వరం మరీ ఎక్కువైతే ఉన్న ఇనుము, జింకు కూడా మొక్కకి అందకుండా పోతాయి. మందారం అడిగేది పొటాష్. బాగా మాగిన పశువుల ఎరువు గుప్పెడు, వేపపిండి చారెడు, నెలకోసారి చిటికెడు పొటాష్, ఇంతే. అరటితొక్కలు నానబెట్టిన నీళ్ళ మీద జనానికి ఈమధ్య పిచ్చి పట్టింది. తొక్కలో పొటాష్ ఉన్న మాట నిజమే, కానీ రాత్రంతా నానినంత మాత్రాన వచ్చేది కొంచెమే, దోమలు మాత్రం బోలెడు. తొక్కల్ని కంపోస్టులో వేసుకో. ఎండ మాత్రం రోజుకి అయిదారు గంటలైనా తగలాలి. నీడలో ఆకులు నిగనిగలాడతాయి, పూలుండవు.

పిండినల్లి గురించి చెప్పకపోతే మందారం కబుర్లు పూర్తికావు. ఆ పురుగు పడితే చిగుళ్ళు ముడుచుకుపోయి, పంగల్లో తెల్లటి దూది పేరుకుంటుంది. దాని ఒంటిమీద మైనం పూత ఉంటుంది గనక ఉత్త నీళ్ళు చల్లితే జారిపోతాయి. వేపనూనె 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బుద్రావణం లీటరు నీటికి కలిపి చల్లాలి, సబ్బు ఆ మైనాన్ని తడిపిస్తుంది. అంతకంటే ముందు చీమల్ని ఆపు. పిండినల్లి విసర్జించే తీపి రసంకోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, దాన్ని తినొచ్చే పురుగుల్ని తరిమేస్తాయి. కాండం మొదట్లో గ్రీజు పూసిన గుడ్డపేలిక కట్టు.

ఈ పురుగు సామాన్యమైంది కాదు. గులాబీరంగు పిండినల్లిని 1908లో మన దేశపు నమూనాలు చూసే మొదటిసారి వర్ణించారు. పట్టుపురుగులకి మల్బరీ పెంచే రైతులు "తుక్ర" అని తిట్టుకునేది దీన్నే. 1994లో ఇది కరీబియన్ సముద్రంలో గ్రెనడా దీవిలో తేలింది. అక్కడ దాన్ని అదుపు చేసే శత్రువులు లేవు. ఇళ్ళ ముందు మందారం కంచెలన్నీ ముడుచుకుపోయాయి, తర్వాత చుట్టూ ఉన్న దీవులకి ఎగబాకింది. చివరికి ఆసియా నుంచి కంటికి ఆనీఆనని ఒక కందిరీగ జాతిని తెచ్చి వదిలితే అది పిండినల్లి ఒంట్లోనే గుడ్లు పెట్టి లొంగదీసింది. మన దగ్గర అలాంటి శత్రువులు ముందునుంచీ ఉన్నాయి కనకే ఎర్రమందారం ఇంకా వీధివీధినా ఉంది. వాటిలో ఒకటి నల్లటి చిన్న అక్షింతల పురుగు, 1898లో ఆస్ట్రేలియా నుంచి కాఫీతోటల కోసం తెప్పించినది. దాని పిల్ల ఒళ్ళంతా తెల్లటి మైనపు పోగులతో అచ్చు పిండినల్లిలాగే ఉంటుంది, కాకపోతే పెద్దది, చురుగ్గా నడుస్తుంది. కదలని తెల్లదూదిని చంపు, పరిగెత్తే తెల్లదూదిని చంపకు.

మీ బాబాయి డాలస్‌లో కుండీని చలికాలం హాల్లోకి తెస్తాడు చూశావా, మంచి పనే. పది డిగ్రీల కంటే కిందికి దిగితే మన మందారం ఎదగడం మానేస్తుంది, గడ్డకట్టే చలి తగిలితే పోతుంది. వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో దీనికి పెట్టిన పేరులో చైనా ఉంది గానీ, అడవిలో తనంత తానుగా పెరిగే ఈ మందారం చైనాలోనే కాదు, ఎక్కడా దొరకలేదు. వనువాటు దీవుల మందారం ఒకటి, పాలినీషియా దీవుల మందారం ఒకటి మనుషుల చేతుల్లో కలిసి పుట్టిన సంకరమని ఈమధ్య కొందరు వృక్షశాస్త్రజ్ఞులు వాదిస్తున్నారు. అప్పటినుంచీ కొమ్మ గుచ్చి, గుచ్చి, ఇల్లిల్లూ తిరిగింది. మలేషియా వాళ్ళు 1960లో జాతీయపుష్పం చేసుకున్నారు కూడా.

కోసిన కొమ్మలు పారెయ్యకు. పెన్సిలంత లావున్నవి ఏరి జానెడు ముక్కలు చేసి, పైన రెండాకులు సగానికి కత్తిరించి ఉంచి, ఇసక, కొబ్బరిపొట్టు కలిపిన దాంట్లో నీడన గుచ్చు. పాత ఎర్రమందారం వేళ్ళు తొందరగా పోస్తుంది. పెద్దపూల హైబ్రిడ్లు మొరాయిస్తాయి, అందుకే నర్సరీల్లో వాటికి అంటు కడతారు.

విత్తనం సంగతి వేరు. ఎర్రమందారం మన పెరళ్ళలో కాయ కట్టడం అరుదు. ముద్దమందారమైతే కేసరాల్లో చాలామటుకు రెక్కలైపోయాయి కాబట్టి పుప్పొడే కొరవ. కానీ హైబ్రిడ్లలో కాసేవి ఉంటాయి, ప్రపంచంలోని వేలరకాల మందారాలు అలా పుట్టినవే. నీ పసుపుదీ, మీ ఎదురింటివాళ్ళ నారింజదీ ఒకేరోజు పూసిన పొద్దున, తొమ్మిది పదింటికి, నారింజ పువ్వు పుప్పొడిని నీ పువ్వు చివరి అయిదు బుడిపెలకీ తాకించి, కాడకి దారం కట్టు. రెండు మూడు రోజుల్లో కాడతో సహా రాలితే కుదరలేదన్నమాట, తల్లినీ తండ్రినీ తారుమారు చేసి ఇంకోసారి చూడు. రెక్కలు మాత్రమే రాలి, ఆకుపచ్చ గిన్నె నిలిచి ఉబ్బుతుంటే కుదిరినట్టు. కాయ గోధుమరంగు తిరిగేలోపే చిన్న పల్చటి గుడ్డసంచి తొడిగి ముడెయ్, లేకపోతే పగిలి గింజలన్నీ కింది ఫ్లాటు వాళ్ళ తులసికోటలో పడతాయి.